రఫ్ కాగితం మీద రామయ్య

ఒక్క పూటలో గుడి గోడనూ మా బావ పరువునూ కలిపి ముంచిన ఘనత నాది. అప్పటికి నేను పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్నాను. నోటికి మాత్రం సెలవు లేదు.

మా అక్క మొగుడు ఇల్లందులో షాపుల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని కాస్తా పోయింది. అప్పుడే కారేపల్లి దగ్గర ఒక ఊళ్లో రామాలయం గోడ మీద పట్టాభిషేకం బొమ్మ వేసే పని దొరికింది. అది నచ్చితే చుట్టుపక్కల గుళ్లన్నీ బావవే. నచ్చకపోతే కుంచె కడిగేసి కూలికి పోవాల్సిందే.

బొమ్మ పూర్తయిన రోజు గుడి కమిటీ పెద్దాయన ఊరందరినీ వెంటేసుకుని చూడ్డానికి వచ్చాడు. బావ ముందుగా పెన్సిల్‌తో గీసుకున్న రఫ్ కాగితం నా చేతిలో ఉంది. నన్నెవరూ అడగలేదు. అయినా కాగితాన్నీ గోడనూ మార్చి మార్చి, దొంగనోటు పట్టే బ్యాంకు మేనేజరులా చూడ్డం మొదలుపెట్టాను.

"బావా, కాగితంల రామయ్యకు నాలుగు చేతులున్నయి. గోడ మీద రెండే ఉన్నయేంది?"

బావ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. "అది రఫ్ పిల్లా. చేతులు పైకి గీసి చూసిన, బాగలేవని కిందికి గీసిన. నువ్వు జర ఊకో."

పెద్దాయన కాగితం లాక్కున్నాడు. "బాగలేవని దేవుని చేతులు తీసేస్తవా? భద్రాచలం రామయ్యకు నాలుగు చేతులని గింత పిల్లకు ఎరుకే, నీకు తెల్వదా?"

"అది కాదయ్యా..."

"ఏం కాదు. కాగితంల ఎట్లుందో గోడ మీద గట్లనే ఉండాలె."

అక్కడితో ఆగొచ్చు కదా. ఊరంతా నన్ను మెచ్చుకోలుగా చూస్తుంటే ఆగేదెలా, మీరే చెప్పండి.

"అయ్యా, హనుమంతుని తోక గూడ సూడుండ్రి. కాగితంల ఎడమకొకటి, కుడికొకటి ఉన్నయి."

బావ చూసిన చూపుకు గోడ మీది పచ్చి రంగు అక్కడికక్కడే ఆరిపోయింది. "మీ అక్కను నేనేం తక్కువ చూసుకున్ననే?" అన్నాడు మెల్లగా.

పెద్దాయన లెంపలేసుకున్నాడు. "తోక గూడ మింగినవా? ఎయ్యి, ఇప్పుడే ఎయ్యి."

బావ నిచ్చెన ఎక్కి రెండు చేతులూ ఒక తోకా వేసి దిగాడు.

ఆ వారమే ఎవరో మొదటి తోకకు పరీక్ష పాసవ్వాలని, రెండో తోకకు పెళ్లిసంబంధం కుదరాలని మొక్కారు. రెండూ ఫలించాయట. ఇక చూడండి, వైరా దాకా గుళ్లన్నీ బావకే. అందరిదీ ఒకటే షరతు, రెండు తోకలుండాలి. ఒక ఊరివాళ్లయితే పక్క ఊరిని మించాలని మూడు అడిగారు.

ఆ మూడో తోకను ఎటు తిప్పాలో తేలక బావ కాగితం మీద రెండు వైపులా గీసి చూసుకుంటున్నాడు. నేను గుమ్మంలో అడుగుపెట్టాను. నన్ను చూడగానే కాగితాన్ని ఉండచుట్టి నోట్లో వేసుకుని నమిలి మింగేశాడు.

ఆ స్వామికున్న తోకలన్నిటి మీదా ఒట్టు, ఇక ఈ జన్మలో ఏ దేవుడి అవయవాలూ లెక్కపెట్టను.