హాకీ మ్యాచ్ వంక

పేపర్లో హాకీ వార్త ఎక్కడుంటుందో నాకు వెతక్కుండానే తెలుసు. క్రికెట్టు బొమ్మల కింద, ఆఖరి మూల, బొటనవేలంత ఉంటుంది. దాన్ని పైకి చదివి వినిపించడం ఇప్పుడు నా పని. మా మేనత్త కొడుకు వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్ మంచం మీద నాలుగేసి గంటలు పడుకుంటాడు. అందులో ఒక రోజు టెక్కలిలో నా సెల్‌ఫోన్ రిపేరు దుకాణం మూసేసి అతనికి తోడు వెళ్తాను.

నాకంటే రెండేళ్లు పెద్ద అయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. వజ్రపుకొత్తూరు దగ్గర అతనికి కొబ్బరితోట ఉంది. హాకీ మాకు చిన్నప్పుడు అక్కడ పట్టుకున్న పిచ్చి. కర్ర కొనే దిక్కులేక కొబ్బరి మట్ట మొదలు చెక్కి ఆడేవాళ్లం. వెడల్పుగా, కాస్త వంకరగా ఉంటుంది కాబట్టి బంతికి బాగానే తగిలేది. అవతలివాడి కాలి ముడుసుకి ఇంకా బాగా తగిలేది. ఊరంతా క్రికెట్టు ఆడుతుంటే మేం హాకీ ఆడామన్న పొగరు ఇద్దరికీ ఇప్పటికీ పోలేదు.

పాటల దగ్గర మాత్రం మాకు పడదు. ఇప్పటి పాటల్లో మోతే తప్ప మాట వినబడదని నా గొడవ. మాట ఎవడిక్కావాలి, కాలు ఆడితే చాలదా అని అతనిది. పాత పాటకి కొత్త డప్పు తగిలించి మళ్లీ మనకే అమ్ముతుంటే నాకు ఒళ్లు మండుతుంది. సినిమా వార్తల సంగతి సరేసరి. హీరో గడ్డం పెంచితే ఒక వార్త, తీసేస్తే ఇంకో వార్త. టీజర్ ఎప్పుడొస్తుందో చెప్పడానికి మళ్లీ ఒక వీడియో. నేను తిట్టుకుంటూ చదువుతాను, అతను కళ్లు మూసుకుని నవ్వుతాడు. నిజానికి నేను చదివేది అతని కోసం కాదు. నోరు ఆపితే నాకు ఆ ఆదివారం గుర్తొస్తుంది.

కొన్నేళ్ల కిందట బావ వాళ్ల ఊరి బడిలో రక్తపరీక్షల శిబిరం పెట్టారు. ఊరూరా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఆ పరీక్షకి ఎవరూ ఒంటరిగా వెళ్లరు. వెళ్తే, వీడికి కిడ్నీలు పోయాయని సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకుంటుంది. అందుకని ఇద్దరేసి వెళ్తారు. ఎవరైనా అడిగితే వీడికి తోడొచ్చానని అతనూ, అతనికి తోడొచ్చానని ఇతనూ చెబుతారు. సూది మాత్రం ఇద్దరికీ పడుతుంది.

ఆ ఆదివారం టీవీలో హాకీ మ్యాచ్ ఉందని నేను వాళ్లింటికి వెళ్లాను. శిబిరానికి అదే ఆఖరి రోజు. వారం నుంచి చెప్పులు బిగుతైపోతున్నాయని బావ పాదాలు చూపించాడు. వాచి ఉన్నాయి. బడి దాకా తోడు రమ్మని అడిగాడు.

"మేచ్ అయిపోనీ బావా, అప్పుడెల్దుం," అన్నాను.

మ్యాచ్ అయి మేం బయటికొచ్చేసరికి శిబిరం వాళ్లు బల్లలు సర్దేసి వ్యాన్ ఎక్కుతున్నారు. మనవాళ్లు గెలిచారు. ఇద్దరం వాకిట్లో గంతులేశాం. ఆ సంగతి రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మ్యాచ్ ఒక వంక. తోడు వెళ్తే నా చెయ్యి కూడా చాపాలి. ఆ ఊరి నీళ్లు తాగే నేనూ పెరిగాను. నా రక్తంలో ఏముందో తెలుసుకోవాలంటే నాకు భయం. తర్వాత వెళ్దామనుకున్నాం, తోట పని వచ్చింది, ఎవరిదో పెళ్లి వచ్చింది, అలా ఏడాది దాటిపోయింది. ఒకరోజు బావ ఆయాసంతో కూలబడితే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ముందే తెలిసి ఉంటే మందులతో కొన్నేళ్లు నెట్టుకొచ్చేవాడని డాక్టరు బావ భార్యతో అంటుంటే నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడతను నీళ్లు గ్లాసుతో కొలుచుకుని తాగుతాడు. తోటనిండా బొండాలున్నా ఒక్కటీ తాగకూడదు.

ఆ తర్వాత నేనొక్కణ్ణీ వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. బాగానే ఉందన్నారు. ఆ కాగితం ఇంతవరకు అతనికి చూపించలేదు.

పోయిన వారం హాకీ వార్త సగం చదివి ఆపేశాను. ఎన్నాళ్లని దాచను? ఆ రోజు ఆగింది మ్యాచ్ కోసం కాదనీ, భయపడి ఆపాననీ, నీకీ గతి నావల్లే పట్టిందనీ చెప్పేశాను. అతను చేతికున్న గొట్టాల వంక చూస్తూ అన్నాడు.

"నువ్వు రావని నాకు ఎరికే బావా. మా ఇంటిదానికి సెప్తే లాక్కెళ్లిపోద్ది. అందుకే దానికి సెప్పనేదు, నిన్నడిగినాను."

అంత భయంతో ఉన్న మనిషి పక్కన కూర్చుని, ఆ రోజు గంటన్నర సేపు నేను హాకీ చూశాను.