కుటుంబం కోసం నూట పదహారు ప్రశ్నలు

దోహాలో శుక్రవారం మధ్యాహ్నం దానికదే ఒక ఋతువు. నమాజు ముగిశాక మేముండే నజ్మా పేట వీధులు ఎండలో కరిగి ఆవిరైపోయేవి. మా గది మాత్రం ఏసీ మూలుగు మీద పడవలా తేలుతూ ఉండేది. ఆ ఏసీ ఊరు మొత్తానికీ చలి సరఫరా చేస్తున్నంత గొప్పగా మూలిగేది. గదికి దక్కింది మూలుగే. తొంభైల నడుమ ఆ పడవలో, మరో ఐదుగురి గురకల మధ్య, నేను సోషియాలజీ ఎం.ఏ. చదివాను. పాఠాలు తపాలాలో వచ్చేవి.

పగలు ఒక కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. పరీక్షలు సెలవుల్లో ఇండియా వెళ్ళి రాసేశాను. ఇక మిగిలింది ఒక్కటే: ఒక కుటుంబాన్ని దగ్గరుండి పరిశీలించి నివేదిక పంపాలి. మొదటిసారి బద్ధకించి ఊహల్లోంచి ఒక కుటుంబాన్ని పుట్టించాను. "ఈ ఇంట్లో ఒక్క పోట్లాటా లేదు. కాబట్టి ఈ ఇల్లూ లేదు" అని ప్రొఫెసరుగారు తిప్పి పంపారు. రెండోసారీ తప్పితే డిగ్రీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

నజ్మా బ్రహ్మచారిని సంసారుల ఇంట్లోకి రానిచ్చేదెవరు? చివరికి ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో కాపురముంటున్న మా ఆఫీసు పెద్దాయన దయతలచి టీకి పిలిచారు. నూట పదహారు ప్రశ్నల కాగితాలు తీసి మొదటిది అడిగాను.

"మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందండీ?"

ఆయన నోరు తెరిచేలోగా వంటింట్లో ఒక గిన్నె భూకంపంలా పడింది. "ఏవండీ, ఆయనకి ఆలస్యమవుతోందేమో కనుక్కోండి!"

మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది. మిగతా నూట పదిహేనింటితో రోడ్డు మీద నిలబడ్డాను.

గదికొచ్చి గోడు వెళ్ళబోసుకుంటే, కంపెనీ బస్సు నడిపే కడప అన్న పక్క మీంచి లేవకుండానే అడిగాడు.

"కుటుంబమంటే ఏందని రాసుండాది సామీ, మీ బుక్కులో?"

"ఒకే కప్పు కింద ఉంటూ ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు." రక్తసంబంధం, పెళ్ళి అన్న మాటల్ని మెల్లిగా మింగేశాను.

"మరి మేమేమన్నా పక్షులమా?"

"ఆయ్, నిజమేనండి," అన్నాడు గోదావరి జిల్లా గుమాస్తా. "పోట్లాటలకైతే మనకి లోటే లేదు."

అలా నాలుగు శుక్రవారాలు, కళ్ళు మూసుకున్న ఒక కుటుంబాన్ని పరిశీలించాను. సగం నిద్రలో మనిషి అబద్ధమాడడని నా సిద్ధాంతం. శాస్త్రానికి నేను చేసిన సేవ అదొక్కటే.

"ఇంటి పెద్ద ఎవరు?" అంటే, "ముందుగాల నా దుప్పటి ఎవడు గుంజుకున్నడో అది రాయి" అని కరీంనగర్ తమ్ముడు గొణిగాడు. పిల్లల గురించి అడిగితే కడప అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. తర్వాత గడియారం చూడకుండానే, "మా పాప ఇప్పుడు ఇస్కూలు నుంచి వస్తా ఉంటాది" అన్నాడు. నేను పెన్ను ఎత్తి విన్నాను. ఏసీ చప్పుడుకి అవతల, సముద్రానికి అవతల, చిన్న చెప్పుల టపటప నిజంగానే వినిపించింది. ఒట్టు.

రెండు నెలలకి ప్రొఫెసరుగారి ఉత్తరం వచ్చింది. "కుటుంబమే, ఒప్పుకుంటున్నాను. ఐదుగురి ఆనవాళ్ళూ దొరికాయి. మీరెక్కడ? ఈ ఇంట్లో మీ స్థానమేమిటో ఒక పేజీ రాసి పంపితే పాసు. లేకపోతే లేదు."

వెనకటిలా ఊహించి రాయడానికి చెయ్యి రాలేదు. శుక్రవారం దాకా ఆగి, అందరూ మగతలోకి జారాక అడిగాను.

"అన్నా, మనింట్లో నేనెవర్ని?"

కడప అన్న ఒక కన్ను తెరిచాడు. "నువ్వా? కొత్త కోడలివి సామీ. పని సెప్తే పుస్తకం తీస్తావు."

"కోడలైతే టీ పెట్టాలి కదండీ," దుప్పట్లోంచి గుమాస్తా గొంతు.

"యల్లా, యల్లా! జల్ది పెట్టు!" అన్నాడు కరీంనగర్ తమ్ముడు. కళ్ళు తెరవకుండానే అందరూ నవ్వారు.

ఆరు గ్లాసుల నీళ్ళు పొయ్యి మీదికి ఎక్కించి, అవి మరిగేలోగా ఆ పేజీ రాశాను. మొత్తం చదువులో నేను తడుముకోకుండా రాసింది అదొక్కటే. దాంతోనే పాసయ్యాను.