ఏడు మీటర్ల ముందే

ఆ భార్యాభర్తల మొహాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు వెగటు పుడుతుంది.

లీడ్స్‌లో మా అమ్మాయి పరుగు నేర్చుకున్న క్లబ్‌లో టైమ్‌కీపర్‌గా నిలబడేవాణ్ణి. ఇంటర్‌తో చదువు ఆగిపోయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. దశాంశం తప్పితే ఊరుకోలేను. మా అమ్మాయి రెండేళ్లకే మానేసింది, నేను మానలేదు. ఆమె స్నేహితురాలు, పదిహేనేళ్ల ఐరిష్ పిల్ల, మా అమ్మాయి తెలుగు స్నేహితుల్ని చూసి నన్ను అంకుల్ అనేది.

ఆ పిల్ల తల్లిదండ్రులు క్యాథలిక్కులు. విడాకులు పాపమని ఒకే ఇంట్లో ఉంటూ, మూడేళ్లుగా మాటలు మానేశారు. కబుర్లన్నీ పిల్లే మోయాలి.

"మీ నాన్నకి చెప్పు, బాయిలర్ బాగుచేసే అతను మంగళవారం వస్తాడని."

తండ్రి అదే ట్రాక్ పక్కన, రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. "మీ అమ్మకి చెప్పు, నాకు చెవుడు లేదని."

చర్చిలో ఆదివారం ప్రార్థనప్పుడు పక్కవాళ్లకు చెయ్యి కలిపి శాంతి చెప్పే వేళ, మధ్యలో కూర్చున్న పిల్ల ఇద్దరికీ చెరో చెయ్యి ఇచ్చేదట.

ఆ ఆదివారం ఎనిమిది వందల మీటర్ల పరుగు. రెండు నిమిషాల పదిహేను సెకన్లు దాటకపోతే కౌంటీ జట్టులో చోటు. మనుషులు తక్కువై, స్టాప్‌వాచీలు పట్టమని క్లబ్ వాళ్లు ఆ తల్లిదండ్రులనే అడిగారు. మొదట వచ్చినవారి టైమ్‌ని మూడు వాచీలతో చూస్తారు. రాసేదాకా ఒకరిది ఒకరు చూడకూడదు. రెండు ఒకే అంకె చూపితే అదే ఖాయం.

ఆ పిల్లే మొదట వచ్చింది. నా వాచీలో 2:16.1. తండ్రిది 2:14.9. తల్లిదీ 2:14.9.

నియమం నియమమే కదా అని నేనూ సంతకం పెట్టాను. అప్పటికే మనసులో లెక్క తేలిపోయింది. తేడా సెకను మీద రెండు పదో వంతులు. ఆమె వేగంలో అది ఏడు మీటర్లు. పిల్ల ఇంకా గీతకు ఏడు మీటర్ల దూరంలో ఉండగానే ఇద్దరూ నొక్కేశారు. పొరపాటున ఒక మనిషి చెయ్యి తొందరపడొచ్చు. రెండు చేతులు అంత ముందే, సరిగ్గా ఒకే పదో వంతు దగ్గర ఆగవు.

మైకులో చదివిన టైమ్ విని పిల్ల రొప్పుతూ వచ్చింది. "అంకుల్, మీ వాచ్‌లో ఎంత? చివర్లో నా కాళ్లు చచ్చిపోయాయి. అంత ఫాస్ట్‌గా రాలేదు నేను."

వాచీ చూపించాను. ఆమె అటు తిరిగింది.

"మీరిద్దరూ మాట్లాడుకున్నారా?"

తండ్రి కన్ను గీటాడు. "ఒక్క సెకనే కదమ్మా. దేవుడేమీ అనుకోడు."

"నీ కోసమే," అంది తల్లి.

"బాయిలర్ కోసం మాట్లాడుకోలేరు. నాకు జ్వరమొస్తే మాట్లాడుకోలేదు. దీనికి మాత్రం కుదిరిందా?"

తండ్రి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

పిల్ల నేరుగా చీఫ్ టైమ్‌కీపర్ టేబుల్ దగ్గరికి వెళ్లింది. "నా టైమ్ తప్పు. అంకుల్‌ది రాయండి."

ఆయన కాగితం నా వైపు తిప్పాడు. "సంతకం పెట్టావుగా నువ్వు?"

నా సంతకం నేనే కొట్టేసి, 2:16.1 అని రాశాను. కౌంటీ జట్టు పోయింది. ఆమె అడగకపోతే కొట్టేసేవాణ్ణేనా? లెక్క నాకు ముందే తెలుసు, అయినా మొదట సంతకానికే పెన్ను తీశాను.

పిల్ల స్పైక్స్ బూట్లు విప్పి సంచిలో పడేసుకుంది. "థాంక్స్ అంకుల్," అని, వాళ్లిద్దరి వైపూ చూడకుండా బస్ స్టాప్‌కి నడిచింది. ఏం చేశానని థాంక్స్ చెప్పిందో అడిగే మొహం నాకు లేదు.