గుండుసూది మొనంత కంటిపాపలు

నేను నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నప్పుడు, ఒక ఆదివారం రఘునాథపల్లి దగ్గర మా చిన్నాయిన ఇంటికి వెళ్లాను. పొద్దున్నుంచీ ఆయన పత్తిచేన్లో పురుగుమందు కొడుతున్నాడు. వీపున ఉన్న పంపు కారుతున్నా, ఇంకో నాలుగు సాళ్లే కదా అని ఆపలేదట.

మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. చొక్కా వీపంతా తడి. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఎండదెబ్బనుకొని చిన్నమ్మ మజ్జిగ తెచ్చింది. నేను దగ్గరకెళ్లి చూశాను. నోటి వెంట చొంగ కారుతోంది. చెంప మీద కండ అదురుతోంది. నీడలో కూర్చున్న మనిషికి కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోయాయి. మా కాలేజీలో మేడం బోర్డు మీద గీసిన బొమ్మ అచ్చం అదే. భయం వేస్తున్నా, ఇది నాకు తెలుసన్న హుషారేదో ఒళ్లంతా పాకింది.

"చిన్నమ్మా, ఇది ఎండదెబ్బ కాదు. మందు ఒంట్లకు పోయింది."

ఆమె హడలిపోయింది. ఆయన పురుగుమందు తాగలేదని, ఇంట్లో ఏ గొడవా లేదని ఒట్టేసి చెప్పింది. తాగక్కర్లేదు, చర్మంలోంచి కూడా దిగుతుందని చెబుతూనే 108కి ఫోన్ చేశాను. చేతులకు పాలిథిన్ కవర్లు తొడుక్కొని, చొక్కా కత్తిరించి తీసేశాను. సబ్బు పెట్టి బకెట్ల కొద్దీ నీళ్లతో వీపు, జుట్టు, గోళ్ల సందులు కడిగాను. మజ్జిగ తాగనివ్వలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, మందు డబ్బాను కవర్లో చుట్టి వెంట తీసుకున్నాను.

వరంగల్ దవాఖానలో డాక్టరమ్మ డబ్బా మీది పేరు చదివి, ఆలస్యం చేయకుండా విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టింది. ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్. నన్ను నాడి చూస్తూ ఉండమంది. ఛాతీలో గురగుర తగ్గింది. నాడి పుంజుకుంది. కాసేపటికి ఆ చిన్న కంటిపాపలు మెల్లగా విప్పారడం నేను కళ్లారా చూశాను. పుస్తకంలో వాక్యం మనిషి ముఖంలో నిజమవుతోంది. ఒళ్లు ఎవరు కడిగారని డాక్టరమ్మ అడిగింది. నేనేనన్నాను. ఆ తడి చొక్కాతోనే తెచ్చుంటే చాలా కష్టమయ్యేదంది.

రెండోరోజు చిన్నాయిన కళ్లు తెరిచి, "నోరు ఎండిపోతాంది బిడ్డా, జర నీళ్లు పొయ్యి" అన్నాడు. అట్రోపిన్ పనిచేస్తే నోరు ఎండుతుందని తెలిసిన నేను వార్డు మధ్యలో నిలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను.

పది రోజులకు ఇంటికి పంపారు. మందు కొట్టిన బట్టలు విడిగా, చేతులకు తొడుగులేసుకొని ఉతకాలని చిన్నమ్మకు చెప్పాను. ఆమె తన వట్టి చేతులకేసి చూసుకుంది.

"అందుకేనా, ఆయన బట్టలు పిండినప్పుడల్లా నాకు సుత తల తిరిగేది?"