టీచర్ క్లాసులో రెండో వాక్యం

మా టీచర్ మంగళవారం పొద్దున చనిపోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. సంతాప సభలో ఎవరు మాట్లాడతారో కూడా చెప్పింది. ఆ పేరు విన్నాక నాకు ఏడుపు రాలేదు. కుర్చీలు నేను వేస్తానన్నాను.

జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్ ఊళ్లో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు టీచర్. ఇక్కడి స్కూల్లో అమెరికా చరిత్ర చెప్పిన తెలుగు మనిషి. నేను గ్రోసరీ షాపులో సరుకు సర్దేవాణ్ణి. సిటిజన్‌షిప్ టెస్ట్‌కి ఆవిడ దగ్గరే చదువుకున్నాను. ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు కొట్టుకున్న అమెరికా అంతర్యుద్ధానికి దారితీసిన సమస్య ఒకటి చెప్పమంటారు అందులో. బానిసత్వం అన్నా, ఆర్థిక కారణాలన్నా, రాష్ట్రాల హక్కులన్నా ఒప్పుకుంటారు.

"ఆఫీసర్ దగ్గర మూడూ కరెక్టే తమ్ముడూ. ఈ టేబుల్ దగ్గర ఒక్కటే," అన్నారు టీచర్.

స్టీలు గిన్నెలు తెచ్చి టేబుల్ మీద పరిచారు. బోర్లించినవి బానిసలున్న రాష్ట్రాలు, తెరిచినవి లేనివి. పడమట కొత్త రాష్ట్రం చేరినప్పుడల్లా గిన్నె తెరవాలా బోర్లించాలా అని తగువు. మొదట మ్యాప్ మీద గీత గీసి సర్దుకున్నారు. పారిపోయిన బానిసను పట్టివ్వాలని చట్టం చేసి ఇంకోసారి సర్దుకున్నారు. తర్వాత ఆ గీతే తీసేసి, అక్కడి జనం ఓటేసి తేల్చుకోవాలన్నారు. అలా ఓటుకి వదిలేసిన కాన్సాస్‌లో తుపాకులు లేచాయి.

"సర్దుకున్న ప్రతిసారీ ఎవరి మెడ మీద సర్దుకున్నారో చూడు," అన్నారు.

క్లాసులో ఆవిడకో పద్ధతి ఉండేది. ఆ యుద్ధానికి ముందు జార్జియా తను అమెరికా నుంచి ఎందుకు విడిపోతున్నదో స్వయంగా రాసుకున్న ప్రకటనను అందరికీ పంచేవారు. ముందు వరస నుంచి ఒక్కొక్కరు లేచి ఒక్కో వాక్యం చదవాలి. గొణిగితే "లౌడర్" అనేవారు. బానిసత్వం అన్న మాట రెండో వాక్యంలోనే వస్తుంది.

కొందరు పేరెంట్స్‌కి అది నచ్చలేదు. వాళ్ల ఫిర్యాదు మీద మన తెలుగువాళ్లలో పెద్దమనిషి ఒకాయన కూడా సంతకం చేశాడు. స్కూల్ బోర్డ్ ఎలక్షన్‌లో నిలబడాలని ఆయన ఆశ. ఆ సంతకం పెట్టే ముందు స్వీట్ బాక్స్‌తో టీచర్ ఇంటికొచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"వాళ్ల తాతల గొడవ మనకెందుకక్కా? స్టేట్స్ రైట్స్ అని చెప్పేసి వదిలెయ్యండి."

"దేనికి రైట్ అని పిల్లలు అడుగుతారు కదండీ. ఏం చెప్పమంటారు?"

ఆయన స్వీట్ బాక్స్ టేబుల్ మీద పెట్టి లేచాడు. నెల తిరక్కుండా టీచర్ చేతిలోంచి చరిత్ర క్లాసులు తీసేసి లైబ్రరీలో కూర్చోబెట్టారు. ఆ ఏడాది చివర ఆవిడ మానేశారు. ఆ తర్వాత ఆ గిన్నెలు టేబుల్ మీదికి రాలేదు.

ఆదివారం సభకి ముందు వరసలో మొదటి కుర్చీ వాళ్లమ్మాయికి వేశాను. సభలో మాట్లాడబోయేది ఆ పెద్దమనిషే; రెండో కుర్చీ మీద ఆయన పేరు అతికించాను. అన్ని కుర్చీల మీదా ఆ ప్రకటన కాగితం పెట్టాను. ప్రసంగాలకు ముందు టీచర్ క్లాసులో లాగే చదువుదామన్నాను. టీచర్ దీనికి ఒప్పుకునేవారు కాదేమో. నేను ఎవర్నీ అడగలేదు.

వాళ్లమ్మాయి మొదటి వాక్యం చదివి కూర్చుంది. ఆయన లేచి కాగితం చూసి, నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. చదివాడు. చివర్లో బానిసత్వం అన్న మాట దగ్గరికొచ్చేసరికి దాన్ని పెదాల్లోనే మింగేసి కాగితం దించాడు.

వెనక వరసల్లో టీచర్ పాత స్టూడెంట్స్ ఉన్నారు.

"లౌడర్, అంకుల్," అంది ఒకమ్మాయి.

కూర్చోబోతున్నవాడు ఆగాడు. మూడో కుర్చీలో అమ్మాయి అప్పటికే లేచి, కాగితం పట్టుకుని, ఆయన ఆ వాక్యం పూర్తి చేస్తాడని చూస్తూ నిలబడి ఉంది.