చూడకుండా ఎక్కడు

చెట్లు కొట్టే మనిషికి నైపుణ్యాల జాబితా ఏమిటని అతను మొదట నవ్వేశాడు. "కోతికి నాకంటే బాగా వచ్చు చెట్టెక్కడం. దానికెవరిచ్చారు వదినా ఉద్యోగం?"

"అది అప్లికేషన్ పెట్టుకోలేదుగా మరిదీ," అంది వదిన, కీబోర్డు మీంచి తలెత్తకుండానే. జిరాక్సు షాపులో ఆమె టైపు కొట్టే మూల మోకాళ్లు ముడుచుకుంటేనే పట్టేంత ఇరుకు.

పార్కుల పని చూసే కంపెనీకి మనుషులు కావాలి. నెల జీతం, బీమా. పాత మేస్త్రీ దగ్గర పని మానుకుని అతనికి నాలుగు నెలలైంది.

వదిన అడిగి అడిగి టైపు కొట్టింది. తాడు మీద అరవై అడుగులు ఎక్కుతాడు. మోటారు రంపం నడుపుతాడు, గొలుసుకు పదునూ తనే పెట్టుకుంటాడు. కత్తి వెనకతో మొదలు మీద కొట్టి, లోపల డొల్లో గట్టో చప్పుడును బట్టి చెబుతాడు.

"అది కూడా విద్యేనా వదినా?"

"నాకు రాదుగా. ఆ మేస్త్రీకీ రాదు," అని, ప్రకటనలో చివరి వాక్యం పైకి చదివింది. "కరెంటు తీగల పక్కన పనిచేసినవారిని ముందు పిలుస్తాం."

ఆమె వేళ్లు ఆగిపోయాయి.

మూడేళ్ల కిందట తీగల పక్కనున్న ఆ చెట్టు మొదలు కొట్టి చూసింది అతనే. "గట్టిదే అన్నా, ఎక్కు," అన్నాడు. చెట్టు గట్టిదే. కరెంటు లైను తీసేశామని మేస్త్రీ కిందనుంచి అరిచాడు. తీసింది పక్క వీధి లైను. తీగ తగిలి అన్న పోయాక, ప్రమాదం కాగితంలో 'పనివాడి అజాగ్రత్త' అని రాశారు. రాసినవాడు జన్మలో నిచ్చెన మూడో మెట్టు ఎక్కి ఉండడు.

"రాయనా?" అంది వదిన.

రాస్తే మళ్లీ ఆ తీగల మధ్యకే పంపుతారు. రాయకపోతే పిలుపే రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"రాయి. దాని కింద ఇంకోటి రాయి. లైను తీశారో లేదో తన కళ్లముందు పరీక్షించి చూపిస్తేనే ఎక్కుతాడు. చూడకుండా ఎక్కడు."

"పని అడుగుతున్నావా, పేచీ పెడుతున్నావా?" అంది గానీ, కొట్టింది. అతను అడక్కుండానే ఆ వాక్యాన్ని లావు అక్షరాల్లో పెట్టింది.

మూడో రోజు కంపెనీ ఆఫీసులో సూపర్‌వైజరు వేలు ఆ వాక్యం దగ్గరే ఆగింది.

"ఇదేం నైపుణ్యమయ్యా?"

"ఆలస్యంగా నేర్చుకున్నానండీ."

"మిగతావన్నీ బావున్నాయి. ఈ లైను కొట్టేసివ్వు, రేపట్నుంచే రా." పెన్ను చేతికిచ్చాడు.

వెనక వరసలో పదకొండు మంది. నువ్వు ఎక్కకపోతే ఎక్కేవాడున్నాడని అందరికీ తెలుసు. అరవై అడుగుల మీద ఎప్పుడూ పట్టని చెమట అరచేతులకు పట్టింది. గీత గీశాడు. అక్షరాల మీదుగా కాదు, వాటి కిందుగా.

సూపర్‌వైజరు పెన్ను తీసుకుని, కాగితాన్ని పక్కకు నెట్టి, "చూస్తాంలే. తర్వాత ఎవరు?" అన్నాడు.

అతను గోడ పక్కకు జరిగి నిలబడ్డాడు. వరసలో ముందున్నతను మెల్లగా వంగి అడిగాడు.

"ఏం కొట్టేయమన్నాడన్నా?"

చెప్పాడు. ఆ మనిషి తన కాగితం అడుగున మిగిలిన ఖాళీకేసి ఒకసారి చూసుకుని, సూపర్‌వైజరు వైపు తిరిగాడు.

"అయ్యా, ఆ పెన్ను ఒకసారి ఇస్తారా?"