ఏడో డైమండ్

ఎవరికైనా దయ్యం పట్టిందంటే, ముందు దవాఖానకు తీసుకుపొమ్మని తిట్టే రకం నేను. ఇప్పటికీ అంతే. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, కల్పించి రాయడం చేతకాదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. ఇప్పుడు ఎల్బీ నగర్‌లో కిరాయికి ఉంటున్నాం. మనవరాలు మౌనిక మెకానికల్ ఇంజనీరింగ్‌లో కొత్తగా చేరింది. చిన్నప్పటి నుంచీ ఫ్యాన్లు, మిక్సీలు విప్పి చూసే పిల్ల. దిల్‌సుఖ్‌నగర్‌లో పాత ల్యాప్‌టాప్ కొనిస్తే, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వేసుకుని తిండి కూడా మరిచిపోయింది.

కానీ దాంట్లో ఎవరు గీసినా గీతలు ఒకేలా వస్తాయి. మౌనిక సొంతంగా గీసినవాటినే కాపీ అని డ్రాయింగ్ ల్యాబ్ సార్ రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోదీ తిప్పితే ల్యాబ్ ఫెయిల్. ఆదివారం సాయంత్రం నాలుగులోపు పంపాలి.

ఎవరి దగ్గరా లేనిది గీస్తానని, మా పాత చీరల డైమండ్ డిజైన్ నన్ను అడిగింది. గళ్ల కాగితం మీద ఒక్క డైమండ్ వేసిచ్చాను. అది గీసి, వరుసంతా అదే రావాలని మీట నొక్కింది. ఏడోది ఒక గడి కిందకు జారింది.

చెరిపింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఏడోదే. కొత్త ఫైలు తెరిచినా అదే. లేస్తుంది, కూర్చుంటుంది, గడియారం చూస్తుంది.

"నీ చెయ్యి వణికింది" అన్నాను.

"నా చెయ్యెందుకొస్తది తాతా! ఒకటి గీస్తే మిగతాయి అదే గీస్తది. నీ మగ్గం లెక్క కాదిది."

అద్దాలు పెట్టుకుని చూశాను. ఆ జారుడు నాకు తెలిసిందే.

నా భార్య చంద్రమ్మ నూలుకు చిటికి కట్టేది. రంగు అంటకూడదనుకున్న చోటల్లా రబ్బరు ముక్కతో బిగించి ముడి వేయడమే చిటికి. ఒక్కొక్కరి చేతిది ఒక్కో తప్పు. ఆమెకు ఏడో ముడి ఒక గడి కిందకు జారేది. "విప్పు, మళ్లీ కట్టు" అని ముప్పై ఏళ్లు కసురుకున్నాను. మౌనిక పుట్టకముందే ఆమె పోయింది. ఆ తప్పు సంగతి ఇంట్లో నేనెప్పుడూ ఎత్తలేదు. ఆమె పని చేసిన గుడ్డ ముక్క ఒక్కటీ మా దగ్గర లేదు.

మూడున్నర దాటింది. మౌనిక ఏడుపు ముఖంతో మళ్లీ చెరపబోయింది.

"ఉండనీ" అన్నాను.

"పాగలయినవా తాతా? ఫెయిలయిత!"

"ఉండనీ అంటున్న గదా. పంపు."

పంపింది. మర్నాడు సార్ ఏడోదాని మీద వేలు పెట్టి, ఇలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు, నువ్వే గీశావని పాస్ చేశాడట.

ఆ తర్వాత గీసినవన్నీ సరిగ్గానే వచ్చాయి. అదే ల్యాప్‌టాప్, అదే పిల్ల. రిపేరు అతను ఫైలు పాడై ఉంటుందన్నాడు. పాడైతే ఏడో దగ్గరే ఎందుకు, ఒక్క గడే ఎందుకు అంటే, తెలియదని ల్యాప్‌టాప్ మూసి చేతికిచ్చాడు. నాకూ తెలియదు. ఆ రోజు నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

చంద్రమ్మ బతికుండగా "ఉండనీ" అనే మాట నా నోట ఒక్కసారి కూడా రాలేదు. ఆ ఆదివారం అది ఎవరితో అన్నానో ఇప్పటికీ చెప్పలేను.